పెర్లిటా జ్ఞానతండ్రి

పెర్లిటా మనిషి కాదు, జీపు. మా ఊళ్ళో జారో ప్లాజా నుంచి లాపాజ్ బజారు దాకా పొద్దస్తమానం జనాన్ని మోసే పొడుగాటి జీపు. దానికి యజమానీ, డ్రైవరూ బెనింగే. కాలం చేసిన తల్లి పేరు దానికి పెట్టుకున్నాడు. పాత సామాన్ల కొట్లో తుప్పు పట్టి పడివున్న డీజిల్ ఇంజన్‌ని ఏరి తెచ్చి, విప్పి, కడిగి, బిగించి దానికి ప్రాణం పోసినవాడు మాత్రం మెకానిక్ దోరో.

మా దగ్గర కొత్త జీపు రోడ్డెక్కే ముందు ఫాదర్ వచ్చి పవిత్రజలం చల్లుతారు. పసిబిడ్డకు బాప్టిజం ఇప్పించినట్టే జీపుకీ దాని మంచిచెడ్డలు చూసుకోవడానికి ఒక జ్ఞానతండ్రిని నిలబెడతారు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొవ్వొత్తి పట్టుకుని పెర్లిటా పక్కన నిలబడ్డది దోరోయే. పిల్లాజెల్లా లేని మనిషి. నిలబడమని బెనింగ్ అడిగినప్పుడు చేతిలో పానా కింద పెట్టి తల ఊపాడు. అప్పట్నుంచి వాళ్ళిద్దరికీ చుట్టరికం కలిసింది. ఒకరినొకరు 'పాదీ' అని పిలుచుకుంటారు.

జ్ఞానతండ్రి ఉత్త చేతులతో రాకూడదు. దోరో లేత్ మిషను మీద స్వయంగా తయారుచేసిన పుల్లీ ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఇంజన్ ముందు భాగంలో, క్రాంక్ అనే ఇరుసు చివర గిర్రున తిరుగుతూ బెల్టుని లాగే పుల్లీ. దాని ముఖం మీద 'పెర్లిటా' అని, కింద చిన్నగా 'దోరో' అని చెక్కి, వెండి గిన్నెలా మెరిసేదాకా రుద్దాడు. అది బయటికి కనిపించాలని బెనింగ్ జీపు ముందు కమ్మీలు కొన్ని కోయించాడు. పొద్దున్నే అద్దం తుడవడం మరిచిపోయినా పుల్లీ తుడవడం మరిచేవాడు కాదు.

దోరో పనిలో దిట్ట, నోట్లో మాత్రం కారం. ఇంజన్‌ని ఇట్లా ఏడిపించేవాడు ఇంట్లో పెళ్ళాన్ని ఎట్లా చూసుకుంటాడో అని డ్రైవర్లని వాళ్ళ మొహం మీదే అనేవాడు. వాళ్ళు నవ్వుకుంటూ తిట్లు తినేవాళ్ళు, మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. వీధిలో ఇంకో మెకానిక్ లేనంతకాలం తిట్లు కూడా వైద్యంలో భాగమే అనుకున్నారు.

అలాంటి వీధిలోకి బకోలోద్ నుంచి రుయెల్ దిగాడు. నలభయ్యేళ్ళవాడు. సరిగ్గా దోరో షెడ్డుకి ఎదురుగా, రోడ్డుకి అవతల షెడ్డు తెరిచాడు. బకోలోద్ వాళ్ళది చెరకు సీమ, మాటల్లో కూడా పంచదార కారుతుందని మాకు ఓ ఎగతాళి. రుయెల్ ఆ ఎగతాళికి తగ్గట్టే ఉన్నాడు. వచ్చినవాడికి కుర్చీ వేస్తాడు, కాఫీ ఇస్తాడు. స్టీరింగ్ ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కుంటాడు. ఇది మెకానిక్ షెడ్డా, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే చోటా అని దోరో గట్టిగా వినపడేలా అన్నాడు. రుయెల్ అవతల్నుంచి చెయ్యి ఊపి, గుడ్ మార్నింగ్ నోంగ్ అన్నాడు. నోంగ్ అంటే అన్నగారూ అన్నట్టు. దోరోకి ఒళ్ళు మండిపోయింది.

అప్పట్నుంచి ఆయన బతుకంతా ఎదుటి షెడ్డు మీదే. ఎవడి జీపు అక్కడ ఆగిందో చూడందే ముద్ద దిగేది కాదు. ఆగినవాడి పేరు తలుచుకుని పళ్ళు నూరేవాడు. ఆగనివాడు వస్తే, ఇవాళ కాకపోతే రేపు నువ్వూ అక్కడికి పోయేవాడివేగా అని వాణ్ణీ తిట్టేవాడు. దాంతో ఆ తిట్టు తిన్నవాడు నిజంగానే పోయేవాడు.

దానికి తోడు అన్నం గొడవ ఒకటి. దోరో భార్య పాసింగ్ షెడ్డు ముందు చిన్న పూటకూళ్ళ కొట్టు నడిపేది. మధ్యాహ్నం కాగానే రుయెల్ రోడ్డు దాటి వచ్చి, పనసకాయా నల్లకందులూ వేసి వండిన పంది కూర తిని, మా అమ్మ చేతి వంట తిన్నట్టుంది నాంగ్, అంటే అక్కగారూ, అనేవాడు. పాసింగ్ మురిసిపోయి ఇంకో గరిటె పులుసు పోసేది. ఇన్నేళ్ళుగా ఆ గరిటె తన కంచం మీద ఎప్పుడైనా అంత ఒంగిందా అని దోరో ఆలోచించాడు. ఒంగినట్టు గుర్తు రాలేదు.

బడులు తెరిచిన రోజుల్లో ఒక పొద్దున బెనింగ్ పెర్లిటాని దోరో షెడ్డులోకి తెచ్చి నిలబెట్టాడు. ఇంజన్‌లోంచి టక్ టక్ మని సుత్తితో కొడుతున్నట్టు శబ్దం. దోరో పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి ఆనించుకున్నాడు. డాక్టరు ఛాతీ చూసినట్టు వెనక నుంచి ముందుకి ఒక్కో చోట ఆపుతూ విన్నాడు. వెనక ఏమీ లేదు. ముందుకి జరిగేకొద్దీ టక్కు గట్టిపడింది. మొదటి సిలిండర్ దగ్గర చెవిలోకే కొట్టింది.

మామూలుగా అయితే ఇప్పుడాయన డ్రైవర్ని యాక్సిలరేటర్ తొక్కమని, వదలమని, మళ్ళీ తొక్కమని అనేవాడు. లోపలి బేరింగ్ అరిగితే బరువు పడేకొద్దీ ఇంజన్ గట్టిగా అరుస్తుంది. ఆ మాట డ్రైవర్లందరికీ నేర్పింది కూడా ఆయనే. కానీ సరిగ్గా అప్పుడే బెనింగ్ టోపీ చేతిలో నలుపుకుంటూ నోరు జారాడు. నిన్న దారిలో రుయెల్ ఈ శబ్దం విని, ఇది బేరింగ్ కాకపోవచ్చు అన్నాడని చెప్పాడు.

దోరో స్క్రూడ్రైవర్ దించాడు. ఇంజన్ ఆపమన్నాడు.

"బేరింగే. మొదటి సిలిండర్‌ది. కింద ఆయిల్ పాన్ దించి, విప్పి మార్చాలి."

"బిగించింది నువ్వే కదా పాదీ. ఇంత తొందరగా ఎట్లా పోతుంది?"

"నువ్వు తోలే తోలుడికి ఇన్నాళ్ళు ఉండటమే ఎక్కువ."

పిల్లలు బడికి పోయే రోజుల్లో జీపు నిలబెట్టుకుంటే ఎట్లా అని బెనింగ్ గొణిగాడు. ఆ తరవాత, విప్పేముందు ఒకసారి రుయెల్‌కి కూడా వినిపిస్తే ఏమంటావని మెల్లిగా అడిగాడు.

"వినిపించు. చెవుల్లో పంచదార పోసుకుని వింటాడు. కానీ ఒకటి చెబుతున్నా పాదీ, ఆ గుమ్మం ఎక్కినవాడు మళ్ళీ నా గుమ్మం తొక్కక్కర్లేదు."

బెనింగ్ జీపు వెనక్కి తీసి, నేరుగా రోడ్డు దాటించాడు.

దోరో చేతిలో పని పెట్టుకున్నట్టు నటిస్తూ అంతా చూశాడు. రుయెల్ స్క్రూడ్రైవర్ జోలికే పోలేదు. జీపు ముందు గొంతుక్కూర్చుని, బెనింగ్ చేత యాక్సిలరేటర్ తొక్కించాడు, వదిలించాడు, మళ్ళీ తొక్కించాడు. తన పాఠం తన కళ్ళముందే వాడు అప్పజెబుతున్నట్టు అనిపించింది దోరోకి. తరవాత రుయెల్ లేచి బెనింగ్ చెవిలో ఏదో అన్నాడు. బెనింగ్ వద్దు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ ఒక్కసారి తిరిగి దోరో షెడ్డు వైపు చూశారు. నన్ను చూసి నవ్వుకుంటున్నారు అనుకుని దోరో మొహం తిప్పేసుకున్నాడు.

ఆ తరవాతి రోజుల్లో జరిగింది ఇంకా ఘోరం. బెనింగ్ రోజూ పొద్దున్నే పెర్లిటాని రుయెల్ షెడ్డు ముందుకి తెచ్చి, దాని మొహం దోరో వైపు తిప్పి, ఇంజన్ ఆపకుండా నిలబెట్టేవాడు. తను కుర్చీలో కూర్చుని కాఫీ తాగేవాడు. టక్ టక్ టక్. రోడ్డు ఇవతల దోరో చెయ్యి పెట్టిన ప్రతి పనీ ఆ టక్కుకి చెడిపోయేది. తన బిడ్డ మూలుగుతుంటే వాడు కాఫీ తాగుతున్నాడు, అది కూడా తను చూసేలా, తనని ఉడికించడానికే అనుకున్నాడు. సొంత పెళ్ళాం పరాయివాడి చెయ్యి పట్టుకుని గుమ్మం ముందు పచార్లు చేసినా అంత మంట పుట్టేది కాదేమో.

ఒక పొద్దున బెనింగ్ యాక్సిలరేటర్ తొక్కి జీపుని తీసుకుపోతుంటే, టక్కు పెరగలేదు. తగ్గింది. వేగం అందుకోగానే దాదాపు వినపడలేదు. దోరో చెవికి ఆ సంగతి తగిలింది. బేరింగ్ అయితే ఇప్పుడే కదా అరవాలి అని ఒక్క క్షణం అనుమానం కలిగింది. వెంటనే రుయెల్ మొహం కళ్ళముందు మెదిలింది. బేరింగే, బేరింగ్ కాకపోతే ఇంకేమిటి అని పానా విసిరికొట్టాడు.

పాసింగ్ అంతా గమనిస్తూనే ఉంది. ఒకరోజు కూర కలుపుతూ, వెళ్ళి ఒకసారి చూసి రారాదూ అంది.

"నన్నెవరన్నా పిలిచారా?"

"జ్ఞానతండ్రిని పిలుస్తారా ఎవరైనా? బిడ్డకి ఒంట్లో బాగాలేదంటే తనే పోతాడు."

"ఓహో. ఆ బకోలోద్‌వాడు కూర పొగిడాడని వాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నావా?"

పాసింగ్ గరిటె దించింది. "కూర బాగుందని ఒక్కసారి నువ్వూ అని చూడు దోరో, నీ తరఫునా పుచ్చుకుంటా," అని లోపలికి పోయింది.

దోరోని లోలోపల తినేస్తున్న భయం వేరే ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ఇంజన్ విప్పి పెద్ద రిపేరు చేశాక, మళ్ళీ రోడ్డెక్కించే ముందు మా దగ్గర కోడిని కోసి ఇంజన్ మీద నాలుగు చుక్కల రక్తం పోస్తారు. ఇనుము రక్తం అడుగుతుందట, ముందే ఇచ్చేస్తే దారిలో మనిషిని అడగదట. ఆ రక్తం పోసే చెయ్యి ఎవరిదైతే, ఇక ఆ బండికి పెద్దదిక్కు వాడే. పాత జ్ఞానతండ్రిని ఎవరూ పొమ్మనరు. కానీ ఆ తరవాత ఎవరూ రమ్మని కూడా అనరు. పెర్లిటా ఇంజన్‌ని రుయెల్ విప్పిన రోజున, దోరోకి ఈ లోకంలో తన పేరు చెప్పుకోవడానికి ఉన్న ఒక్క బిడ్డా పోయినట్టే.

ఒక శనివారం పొద్దున దోరో లేచి చూస్తే గుంజకి కట్టిన తన ఎర్ర కోడిపుంజు లేదు. పాసింగ్ లేదు. కొట్టు పొయ్యి చల్లగా ఉంది. రోడ్డు అవతల చూశాడు. పెర్లిటా బానెట్ ఎత్తి ఉంది, ముందు చక్రాలు దిమ్మల మీద ఉన్నాయి. చుట్టూ నలుగురైదుగురు డ్రైవర్లు నిలబడి ఉన్నారు. జీపు బంపర్‌కి తన ఎర్ర పుంజు కట్టి ఉంది. దాని పక్కన తెల్ల గిన్నె పట్టుకుని తన పెళ్ళాం నిలబడి ఉంది.

దోరో చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటాడు. ఎదురొచ్చిన ట్రైసికిల్‌వాడు తిట్టింది కూడా ఆయనకి వినపడలేదు.

"నా జీపు, నా కోడి, నా పెళ్ళాం," అన్నాడు ఆయాసపడుతూ. "ఇంకేం మిగిలింది రుయెల్? షెడ్డు కూడా ఇటు ఎత్తుకొచ్చేస్తావా?"

ఎవరో డ్రైవరు ఫక్కున నవ్వబోయి ఆపుకున్నాడు. రుయెల్ నవ్వలేదు. కుర్చీ ముందుకి జరిపి కూర్చోమన్నాడు. దోరో కూర్చోలేదు. అప్పుడు రుయెల్ బల్ల మీద పరిచిన తెల్ల గుడ్డ చూపించాడు. దాని మీద మొదటి సిలిండర్ బేరింగ్ తాలూకు రెండు అర్ధచంద్రాల్లాంటి ముక్కలూ ఉన్నాయి.

"మీరు బేరింగ్ అన్నారు కాబట్టి ముందు అదే విప్పి చూశాను నోంగ్. మీరే చూడండి."

దోరో ఒక ముక్క తీసి వెలుతురుకి తిప్పాడు. బూడిదరంగు పూత ఎక్కడా చెదరలేదు. గోటితో గీకి చూశాడు, గోరు ఎక్కడా తట్టుకోలేదు. నిన్ననే బిగించినట్టుంది. ముందు ఆయనకి గర్వం ముంచుకొచ్చింది. చూశారా, ఇది నా చేతి బిగింపు అనుకున్నాడు. అనుకున్న మరుక్షణమే ఇంకో సంగతి తట్టింది. బేరింగ్ ఇంత బాగుంటే, ఇన్నాళ్ళూ కొట్టిందేమిటి?

అందరి మొహాలూ చూశాడు. బెనింగ్ తన చెప్పుల వైపు చూస్తున్నాడు. పాసింగ్ కోడి వైపు చూస్తోంది. డ్రైవర్లు షెడ్డు కప్పు వైపు చూస్తున్నారు. రుయెల్ చేతులు తుడుచుకుంటున్నాడు. ఇంజన్ ముందు భాగం వైపు మాత్రం ఒక్కడూ చూడటం లేదు. ఎవరింటికైనా వెళ్ళి వాళ్ళ పిల్లవాడి అవిటికాలు చూడనట్టు నటిస్తామే, అలా ఉంది వాళ్ళ వాలకం.

దోరో మెల్లిగా నడిచి జీపు ముందుకి వెళ్ళాడు. తన పుల్లీని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఆడించాడు. టక్. మళ్ళీ ఆడించాడు. టక్. రోజూ పొద్దున రోడ్డు అవతల్నుంచి వినపడ్డ శబ్దమే, చిన్నగా.

బెనింగే నోరు విప్పాడు.

"మొదటిరోజే చెప్పాడు పాదీ. నేనే ముట్టుకోనివ్వలేదు. జ్ఞానతండ్రి చేత్తో పెట్టింది ఇంకొకడు తీస్తాడా? నీతో చెబుదామంటే నాకు నోరు రాలేదు. నువ్విచ్చిందే నా జీపుని కొడుతోందని నీ మొహం మీద ఎట్లా అనేది? అందుకే రోజూ తెచ్చి నీ ముందే నిలబెట్టాను. వింటావు, విని నీ అంతట నువ్వే వస్తావనుకున్నా."

దోరో సిగ్గుతో చచ్చిపోయాడు. కానీ సిగ్గు కింద ఆ పాత మంట ఆరలేదు, ఇంకా రాజుకుంది. రుయెల్ మొదటిరోజే కనిపెట్టాడు, అది ఒకటి. కనిపెట్టి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాడు, అది ఇంకోటి. తనకు ఇలాంటి అవకాశం దొరికుంటే ప్లాజాలో గంట కొట్టి మరీ చాటేవాడు. ఆ సంగతి ఆయనకి తెలుసు. వాడి చెవి మీద ఈర్ష్య పడటం సులువే, వాడి మౌనం మీద ఈర్ష్య పడాల్సి వచ్చినందుకు ఏడుపొచ్చినంత పనైంది.

పుల్లీ ఊడదీసే పనిముట్టు కోసం చెయ్యి చాపాడు. రుయెల్ అందించాడు. పుల్లీ బయటికొచ్చింది. దాన్ని క్రాంక్‌కి పట్టి ఉంచే చిన్న ఇనుప చీల సగం అరిగిపోయి ఉంది. పుల్లీ రంధ్రం వెంట్రుకవాసి వదులు. ఎందుకు వదులో దోరోకి గుర్తొచ్చింది. దీవెన రోజు దగ్గరపడుతోందని రంధ్రం పని తొందరగా ముగించి, మిగిలిన పొద్దంతా అక్షరాలు చెక్కడానికీ, మెరుగు పెట్టడానికీ ఖర్చుచేశాడు. పుల్లీని చొక్కా అంచుతో ఒకసారి తుడిచి, బల్ల మీద బోర్లా పెట్టాడు.

అప్పుడు రుయెల్ బల్ల కిందనుంచి గుడ్డలో చుట్టినదేదో తీశాడు. కొత్త పుల్లీ. వాడి లేత్ మీద వాడే చేసింది.

"నచ్చకపోతే పక్కన పెట్టేయండి నోంగ్, మీరే ఇంకోటి చేసుకోవచ్చు. పేర్లు మాత్రం నేనేం మార్చలేదు."

దోరో గుడ్డ విప్పాడు. 'పెర్లిటా' అని ఉంది. కింద చిన్నగా 'దోరో' అని ఉంది. రుయెల్ పేరు ఎక్కడా లేదు. దోరో వెనక్కి తిప్పి కూడా చూశాడు, లేదు. రంధ్రంలో వేలు పెట్టి తడిమాడు. క్రాంక్ చివరికి ఆనించి తోశాడు. ఎంత బిగువుగా ఎక్కాలో అంతే బిగువుగా ఎక్కింది. పట్టి ఆడించాడు. కదల్లేదు, చప్పుడు లేదు. ఎక్కడైనా ఒక్క తప్పు దొరక్కపోతుందా అని మళ్ళీ బయటికి లాగి, అంచులు చూశాడు, గాడి చూశాడు. ఏమీ దొరకలేదు. అక్షరాలైతే తను చెక్కినవాటికంటే ఎంతో అందంగా ఉన్నాయి. తన పేరు అంత అందంగా ఉండటం ఆయన ఎప్పుడూ చూడలేదు.

గొంతు సవరించుకున్నాడు. "నా పేరులో మొదటి అక్షరం కొంచెం వంకరగా ఉంది," అన్నాడు.

రుయెల్ వంగి, కళ్ళు చికిలించి శ్రద్ధగా చూశాడు. "అవును నోంగ్. కాస్త వంకరే వచ్చింది."

అది వంకర లేదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు.

దోరో జీపు కిందకి దూరి బేరింగ్ తన చేత్తోనే మళ్ళీ బిగించాడు. రుయెల్ పైనుంచి ఒక్కో బోల్టూ అందించాడు. పాన్ ఎక్కించారు, ఆయిలు పోశారు, కొత్త చీల వేసి కొత్త పుల్లీ బిగించి బెల్టు వేశారు. పాసింగ్ పుంజుని తెచ్చి దోరో చేతికే ఇచ్చింది. దాన్ని కోసి, ఇంజన్ మీద నాలుగు చుక్కలు పోసి, దోరో సిలువ గుర్తు వేసుకున్నాడు. బెనింగ్ తాళం తిప్పాడు. ఇంజన్ గరగరలాడుతూ లేచి, కుదుటపడి నిలకడగా తిరిగింది. టక్కు లేదు. దోరో స్క్రూడ్రైవర్ చెవికి ఆనించుకుని వెనక నుంచి ముందు దాకా విన్నాడు. యాక్సిలరేటర్ తొక్కించాడు, వదిలించాడు, మళ్ళీ తొక్కించాడు. ఎక్కడా ఏమీ లేదు.

మధ్యాహ్నానికి పాసింగ్ లేత కొబ్బరినీళ్ళు పోసి కోడి పులుసు కాచింది. బెంచీల మీద అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఆమె గరిటె నిండా తోడి ముందు మొగుడి గిన్నె వైపే వచ్చింది. దోరో గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"పులుసు బాగుంది," అన్నాడు, ఇంకా రుచి చూడకుండానే. "ముందు వాడికి పొయ్."

పాసింగ్ రుయెల్ గిన్నె వైపు తిరిగింది. ఎంత పోస్తుందో చూడటానికి దోరో మెడ చాచాడు.